ఉప్పు తేలిన గడప

పామర్రు డేరా హాల్లో ఇంగ్లీషు బొమ్మ ఆడిందంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఆడింది. ఒకసారి కూడా కాదు, ఏటా ఊళ్లో నూర్పిళ్లయ్యాక ఆ ఒక్క బొమ్మనే తెప్పించి ఆడించేవారు. పేరుకి ఇంగ్లీషే గాని దాని పుట్టుపూర్వోత్తరాలు అడిగితే తల తిరుగుతుంది. కథ అమెరికాది. తీసినవాళ్లు జర్మనీవాళ్లు. కొండలూ లోయలూ యుగోస్లావియావట. మనుషులు పెదవులు కదిపేది ఒక భాషలో, మనకి వినపడేది ఇంకో భాషలో. ఇన్ని దేశాలు తిరిగి, చివరికి విజయవాడ గాంధీనగరంలో ఒక డిస్ట్రిబ్యూటరు గదిలో దుమ్ము కొట్టుకుని పడివుంటే, టూరింగ్ టాకీసు యజమాని రామకోటేశ్వరరావు గారు పట్టుకొచ్చారు. పోస్టరు మీద ‘ఎర్రలోయ నేస్తాలు’ అని తెలుగులో రాయించారు.

చూసేవాళ్లకి ఇంగ్లీషు రాదు కదా. అందుకని తెర పక్కన బల్ల వేసి, రెండు మైకులు పెట్టి, ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టారు. ఆపరేటరు బొమ్మ గొంతు తగ్గించగానే వీళ్లు తెలుగులో అందుకునేవారు. వలసొచ్చి లోయలో పొలం వేసుకున్న తెల్లవాడికి వెంకటకృష్ణారావు మాట్లాడేవాడు. ఆ లోయ మాది అనే అపాచీవాడికి బాలశౌరి మాట్లాడేవాడు.

“అపాచీలంటే అక్కడి తొలి జనం అండీ. భూమి వాళ్లదే, పట్టా మాత్రం లేదు” అని బాలశౌరి మొదలెట్టేవాడు.

“మనవాళ్లు నైజాం వెళ్లి కాలవ కింద పొలాలు కొనుక్కోలేదూ, అట్టా వచ్చాడండీ ఈ దొర” అని వెంకటకృష్ణారావు అందుకునేవాడు. నేల టిక్కెట్టు వాళ్లకి అమెరికా అంతా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉండేది.

ఆ బల్ల సంగతి కూడా చెప్పాలి. రెండు పొట్టి గుంజలు దగ్గర దగ్గరగా పాతి, వాటి మీద ఓ పొడవాటి చెక్క ఊరికే ఆనించి ఉంచారు. ఈ కొసన ఒకడూ ఆ కొసన ఒకడూ కూర్చుంటేనే అది నిలిచేది. చెప్పకుండా ఒకడు లేచాడా, రెండోవాడు ఇసకలో వెల్లకిలా పడేవాడు. అలా ఒకసారి బాలశౌరి పడితే డేరా అంతా బొమ్మ వదిలేసి నవ్వింది. అప్పటినుంచి లేవబోయేవాడు ముందు చెక్క మీద వేలితో టకటకా కొట్టి లేవాలని ఒప్పందం. బల్ల బాగుచేయించుకోవచ్చుగా అంటే ఇద్దరికిద్దరూ అదే బాగుందనేవారు.

ఇద్దరిదీ ఒక ఊరే, ఒక వాడ కాదు. వెంకటకృష్ణారావుది మాగాణి ఉన్న ఇల్లు. బాలశౌరిది కాలవ అవతల, మేరీమాత గుడి వెనక పేట. చిన్నప్పుడు పంతులు గారు ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడం వల్ల పుట్టిన స్నేహం, మైకు పిచ్చితో ముదిరింది. అయినా బాలశౌరి ఆ ఇంటి గడప ఏనాడూ దాటలేదు. వెంకటకృష్ణారావు తల్లి మాణిక్యమ్మ గారు ఉన్నంతకాలం దాటనివ్వలేదు. ఆవిడ పోయాక “ఇంకా ఎవరికోసంరా, లోపలికి తగలడు” అని స్నేహితుడు అరిచినా, “ఇక్కడ గాలి బాగుందిలే” అని అరుగు మీదే కూర్చునేవాడు. అలవాటంటే అంత మొండిది.

ఇక బొమ్మ చివర. తెల్లవాణ్ణి వాళ్ల మనుషులే తుపాకీతో కాలుస్తారు. అపాచీవాడు పరిగెత్తుకొచ్చి, వాడి తల ఒళ్లో పెట్టుకుంటాడు. తెల్లవాడు కళ్లు మూస్తాడు. అంతే, అయిపోయింది. మొదటి రోజు ఉన్నది ఉన్నట్టు చెబితే ఆడవాళ్ల వైపు నుంచి శోకాలు లేచాయి. పంట ఇంటికొచ్చిన వేళ ఈ ఏడుపుగొట్టు బొమ్మేమిటని పెద్దలు తిట్టారు. మర్నాటినుంచి ఇద్దరూ కూడబలుక్కుని చివర మార్చేశారు. తెల్లవాడు చావలేదు, సొమ్మసిల్లాడంతే. “లే నేస్తం, ఇంటికి పోదాం” అంటాడు బాలశౌరి. “వస్తున్నా” అంటాడు వెంకటకృష్ణారావు. ఈలోగా తెర నల్లబడుతుంది గనక లేచాడో లేదో ఎవరికీ కనపడదు. జనం కళ్లు తుడుచుకుని సంతోషంగా ఇళ్లకి పోయేవారు. తెరని గాక మైకుని నమ్మేవారు.

డెబ్బై ఏడు కార్తీకంలో దివిసీమకి ఉప్పెన వచ్చింది. దానికి ముందురోజే వెంకటకృష్ణారావు డేరా వేసే తర్వాతి కేంపుకి స్థలం చూడటానికి నాగాయలంక వైపు వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే పోయాడు. బాలశౌరి నీళ్లు తీయగానే ఆ దారిన పడి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, బోర్లాపడి ఉన్న ప్రతి మనిషినీ తిప్పి చూశాడు. ఎవరి ముఖం చూసినా అతనేమోననిపించేది గాని, తన మనిషి మాత్రం కనపడలేదు. శవం దొరకలేదు గనక వెంకటకృష్ణారావు భార్య రావమ్మ బొట్టు తీయలేదు. కర్మ చేయించమని బంధువులు నస పెట్టినా వినలేదు.

మాఘంలో రామకోటేశ్వరరావు గారు డేరా తెరిచారు. మళ్లీ అదే బొమ్మ.

“రెండు గొంతులూ నువ్వే చెప్పుకో బాలశౌరీ. ఇంకో మనిషిని పెడితే జనం ఊరుకోరు” అన్నారు.

బాలశౌరి సరేనన్నాడు. ఆ సాయంత్రం ఫస్ట్ షోకి అలవాటు కొద్దీ తన కొసన కూర్చున్నాడు. అపాచీ మాటలు బాగానే చెప్పాడు. తెల్లవాడి మాట వచ్చేసరికి తడబడేవాడు. అయినా ఎలాగో నెట్టుకొచ్చాననుకున్నాడు. షో వదిలాక జనం చుట్టూ చేరి, “అచ్చం వెంకటకృష్ణారావు గారిలాగే చెప్పావయ్యా, ఒళ్లు జలదరించింది” అన్నారు. బాలశౌరి పొంగిపోయాడు. చెప్పినట్టు గుర్తు మాత్రం లేదు. దిగులులో ఉన్న మనిషికి ఏం గుర్తుంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

ఆ వారంలోనే అతనికి జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. భార్య తెరేసమ్మ మిరియాల కషాయం పోసి పంపింది. అపాచీ మాటలకే ఊపిరి చాలక, తెల్లవాడి మాటలు వదిలేద్దామని మైకు కట్టేసి కూర్చున్నాడు. తెర మీద తెల్లవాడు నాగలి ఆపి నుదురు తుడుచుకున్నాడు. తెర పైన కట్టిన మైకు హారన్లోంచి మాట వచ్చింది.

“ఈ చెలక దున్ని దున్ని నడుం విరిగింది బాబూ, మన కరకట్ట కింద నేలయితే వెన్నలా తెగేది.”

ఆ గొంతు వెంకటకృష్ణారావుదే. ఆ వేళాకోళం అతనిదే. డేరా గొల్లున నవ్వింది. బాలశౌరి నోరు మూసే ఉంది. మెల్లగా కిందికి చూశాడు. తాను కూర్చున్నది గుంజకి అవతల, గాలిలో ఉన్న చెక్క కొసన. రెండో కొసన ఎవరూ లేరు. బల్ల మాత్రం ఎటూ వాలకుండా, కాటా కుదిరినట్టు నిలబడి ఉంది. ఇన్నాళ్లుగా నిలబడే ఉంది.

భయపడ్డాడా అంటే పడ్డాడు. కాని భయం వెనకే సంతోషం తోసుకొచ్చింది. ఊళ్లన్నీ వెతికినా దొరకనివాడు ఇక్కడ, బారెడు దూరంలో, పక్కనే కూర్చుని ఉన్నాడు. చివర్లో గొంతు చించుకుని “లే నేస్తం, ఇంటికి పోదాం” అన్నాడు. “వస్తున్నా” అంది హారను. మర్నాటినుంచి రెండో కొస దగ్గర ఒక సోడా కొట్టించి పెట్టడం మొదలెట్టాడు. తెరేసమ్మకి కూడా చెప్పలేదు. చెబితే ఫాదరు గారిని పిలుస్తుందని తెలుసు.

ఊరు ఊరంతా ఆ గొంతు గురించే మాట్లాడుకుంది. అది రావమ్మ చెవిన పడకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు మిట్టమధ్యాహ్నం, డేరాలో ఎవరూ లేని వేళ, ఆమె తెర పక్కకి వచ్చి నిలబడింది. నుదుట బొట్టు ఉంది గాని ముఖంలో నెత్తురు లేదు. నిద్ర లేని కళ్లు.

“బాలశౌరీ, ఆ తెల్లోడికి గొంతు ఎవరిస్తన్నారు?”

“నేనేనమ్మా.”

“నిన్న డేరా బయట నిలబడి విన్నా. ఏదీ, ఇప్పుడో మాట చెప్పు.”

బాలశౌరి ప్రయత్నించాడు. పిల్లి పులిలా అరవబోయినట్టు వచ్చింది. రావమ్మ తల అడ్డంగా ఊపింది.

“ఇది నీ గొంతు. నిన్న నే విన్నది ఆయన గొంతు. కాపరం చేసినదాన్ని, నాకు తెలవదా?”

అతను తల వంచుకున్నాడు. రావమ్మ ఆ బల్ల వంకా, ఆ సోడా సీసా వంకా చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మళ్లీ కొంగు తీసి చెప్పింది.

“షో వదిలాక, జనమంతా కాలవగట్టున పోయాక, మా వాకిట్లో చెప్పులు విడిచిన సప్పుడవుద్ది. ఆయన విడిచినట్టే, ఒకటి ముందూ ఒకటి ఎనకా. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. గడప తడిసుంటది. ‘రండి’ అన్నా రాడు. తెల్లారేదాకా ఆ తడి ఆరదు. పొద్దున్నే చూస్తే నే పూసిన పసుపు కొట్టుకుపోయి, తెల్లగా పొడి తేలుద్ది.”

“మంచు పట్టిందేమోనమ్మా.”

“నాలిక్కి రాసుకు చూశా. ఉప్పు.”

పామర్రు కాలవలో పారేది కృష్ణ నీళ్లు. ఉప్పుకల్లు రావాలంటే సముద్రం నుంచే రావాలి.

“మొన్న జనరేటరు చెడిపోయి మీ ఆట ఆగిందే, ఆ రోజు రాలేదు. గడప పొడిగా ఉంది. అప్పుడు తెలిసింది నాకు” అంది రావమ్మ. “నువ్వు రోజూ లెమ్మంటన్నావు. ఇంటికి పోదాం అంటన్నావు. ఆయన నీ మాట ఎప్పుడు తీసేశాడు కనక? లేస్తన్నాడు. ఆ దివి నుంచి ఇక్కడిదాకా నడిచొస్తన్నాడు. వచ్చినోడు లోపలికి రాలేడు, తిరిగి పోలేడు. రాత్రంతా నుంచునే ఉంటాడు బాలశౌరీ. కూచోడు కూడా.”

బాలశౌరికి ఏడుపొచ్చింది. “బతికుంటే బాగుండనే గదమ్మా...”

“నాకు లేదా? నేను మాత్రం తలుపు తీసుకుని ఎందుకు కూచుంటన్నా?” అంది. “నీకు ఆయన మాట దొరికింది. నాకు తడి దొరికింది. ఆయనకేం దొరికింది? ఆ బొమ్మలో చచ్చినోణ్ణి చచ్చినట్టు చెప్పు. నిద్రపోనీ.”

“రేపు చెప్తానమ్మా” అన్నాడు బాలశౌరి. రేపు అనే మాటలో ఎంత పిరికితనం దాగుతుందో అతనికి తెలియనిది కాదు. ఒక్క సాయంత్రం, ఇంకొక్క సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకోవాలనిపించింది. చెప్పేస్తే ఇక ఆ గొంతు ఉండదు. అమ్మా నాన్నా పోయినప్పుడు కూడా ఇంత బీదవాణ్ణని అనిపించలేదతనికి.

ఆ సాయంత్రం మనసు రాయి చేసుకుందామనే కూర్చున్నాడు. చివర వచ్చింది. అపాచీవాడు పరిగెత్తుకొచ్చాడు, తల ఒళ్లోకి తీసుకున్నాడు. బాలశౌరి నోరు తెరిచేసరికి నాలిక పాత దారినే పోయింది.

“లే నేస్తం, ఇంటికి పోదాం.”

హారను వెంటనే పలకలేదు. ముందు ఊపిరి వినిపించింది. బరువు మోసుకుంటూ బురదలో నడిచేవాడి ఊపిరి, ఎగశ్వాస. నీళ్లలోంచి పాదం పెరుక్కున్న చప్పుడు. మళ్లీ ఊపిరి. ఆ తర్వాత, “వస్తున్నా... వస్తున్నా బాలా.”

బాలా అని అపాచీవాణ్ణి ఎవరూ పిలవరు. డేరాలో ఒకరిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోపమొచ్చినా, నవ్వొచ్చినా, ఆకలేసినా ఆ గొంతు ఎలా ఉంటుందో బాలశౌరికి తెలుసు. అలసిపోతే ఎలా ఉంటుందో ఇప్పుడే విన్నాడు. ఎంత అలిసినా వస్తున్నా అనే అంటున్నాడు, వెర్రివాడు. బాలశౌరి ఇంటికి పోయి ఎంగిలిపడకుండా పడుకున్నాడు. తెరేసమ్మ గద్దించి అడిగితే అంతా చెప్పేశాడు.

తెరేసమ్మ ఫాదరు గారిని పిలవలేదు. “బతికున్న మనిషినే గడియసేపు నుంచోబెడితే పాపం. ఆ మనిషిని ఇన్నాళ్లు నుంచోబెట్టావా?” అంది. “రేపు ఆ తల్లి దగ్గర నేను కూచుంటా. నువ్వు నీ పని చూడు.”

మర్నాడు డేరా కిక్కిరిసింది. ముందురోజు గొంతు సంగతి పాకి, ఉయ్యూరు చెరుకు బళ్లవాళ్లు కూడా దిగారు. తాడు కట్టినచోటుదాకా జనమే. రామకోటేశ్వరరావు గారు కండువా విసురుకుంటూ గేటు దగ్గర తెగ తిరిగారు. బాలశౌరి ఎప్పటిలాగే బల్ల కొసన కూర్చున్నాడు. కిందికి చూడలేదు. ఆ కొసన బరువుందని తెలుస్తూనే ఉంది. ఆ రాత్రి వెంకటకృష్ణారావు మంచి ఊపు మీదున్నాడు. ప్రతి మాటకీ చమత్కారమే. తెల్లవాడూ అపాచీవాడూ చెయ్యి కోసుకుని నెత్తురు కలుపుకునే చోట, “మా అమ్మకి తెలిస్తే ఇద్దర్నీ కలిపి తంతుందిరో” అన్నాడు. ఇది ఏనాడూ చెప్పని మాట. జనం నవ్వుతుంటే బాలశౌరి చీకట్లో కళ్లు ఒత్తుకున్నాడు.

చివర వచ్చింది. తుపాకీ పేలింది. తెల్లవాడు పడ్డాడు.

అప్పుడు అతను అనుకోనిది జరిగింది. ఏళ్ల తరబడి విన్న మాట గదా, జనానికి నోటికి వచ్చేసింది. ముందు నేల మీద ఎవరో మొదలెట్టారు. తర్వాత బెంచీలవాళ్లు. ఆ తర్వాత ఆడవాళ్లు. “లే నేస్తం... లే నేస్తం...” డేరా అంతా ఒక్క గొంతై పిలుస్తోంది. భజనలా ఊగుతోంది. చెక్క సన్నగా అదరడం బాలశౌరి తొడలకి తెలిసింది. హారన్లో ఊపిరి మొదలైంది. నిన్నటికన్నా బరువుగా, నిన్నటికన్నా దగ్గరగా. తెర అంచున గుడ్డ తడిసి నల్లబడుతోంది. ఉప్పు వాసన, కుళ్లిన గడ్డి వాసన. ఉప్పెన వెళ్లాక ఆ పొలాల్లో పీల్చిన వాసనే.

“ఆపండి!” అని అరిచాడు బాలశౌరి.

మైకు కీచుమంది. జనం ఉలిక్కిపడి ఆగారు.

“లేవడండీ. ఇంక లేపకండి” అన్నాడు. ఆపైన తెరవైపు చూడటం మానేసి, రెండో కొసవైపు తిరిగాడు. “కిష్టా, నువ్వు పోయావురా. ఉప్పెనలో పోయావు. నేను ఎంత ఎతికినా దొరకలేదు, అదొక్కటే నా బాధ. నేను లెమ్మన్నా లేవమాక. మీ ఆవిడ పిలిచినా రామాక. చాలా దూరం నడిచావు. పడుకో. నేను ఇంటికి పోతా.”

తెర మీద అపాచీవాడు స్నేహితుడి టోపీ తీసి, వాడి ముఖం మీద కప్పాడు. ఆ సంగతి బొమ్మలో ఉందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు, రోజూ ఆ సమయానికి కళ్లు తుడుచుకుంటూ ఉండేవారు గనక. హారన్లో ఊపిరి కాసేపు అలాగే ఉండి, పని చేసి వచ్చినవాడు నులకమంచం మీద వాలినప్పటిలా, పొడుగ్గా ఒక్కసారి బయటికి వచ్చింది.

రెండో కొసన చెక్క మీద వేలితో టకటకా కొట్టిన చప్పుడైంది.

బాలశౌరి గుంజ పట్టుకోబోయాడు. పట్టుకోలేకపోయాడు. బల్ల ఒక్క ఊపున వాలింది, అతను ఇసకలో వెల్లకిలా పడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ఇసకలోనే పడుకుని అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చెప్పి మరీ లేచాడు గదా, ఒప్పందం తప్పలేదు గదా అని ఏడ్చాడు.

తెల్లవారగానే కాలవ వంతెన దాటి రావమ్మ ఇంటికి వెళ్లాడు. తెరేసమ్మ అరుగు మీద గోడకి చేరగిలబడి నిద్రపోతోంది. తలుపు తీసే ఉంది. గడపకి పూసిన పసుపు, దాని మీద కుంకుమ బొట్లు, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బాలశౌరి వంగి, వేలితో తాకి చూశాడు. పొడిగా ఉంది.

ఆ పక్కనే వాకిట్లో నిలబడి, అలవాటు ప్రకారం అరుగువైపు తిరిగాడు. మళ్లీ ఏమనుకున్నాడో, ఆగి, చెప్పులు విడిచాడు. ఒకటి ముందు, ఒకటి వెనక.

ఆ చప్పుడుకి లోపల రావమ్మ గభాలున లేచి వచ్చింది. గడప లోపల నిలబడి మొదట అతని ముఖం చూడలేదు. పాదాలు చూసింది. దారి దుమ్ము అంటుకుని పొడిగా ఉన్నాయి. ఆమె ద్వారబంధం పట్టుకుని, ఉప్పెన వెళ్లిన ఇన్నాళ్లకి, ఇల్లంతా వినపడేలా ఏడ్చింది. నిద్ర లేచిన తెరేసమ్మ వెళ్లి పట్టుకుంది.

చాలాసేపటికి రావమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ద్వారం నుంచి పక్కకి తప్పుకుంది.

“లోపలికి రా అన్నయ్యా.”

బాలశౌరి గడప దాటాడు.